కవలల గర్భము: తొలి 12 వారముల నిరీక్షణ

పల్నాటి ప్రాంతమున ఒక మండల కేంద్రములో పంచాయతీ సభ్యులకు జరిగిన ఆరోగ్య శిక్షణ తరగతికి మేమును వెళ్ళియుంటిమి. టీకాలను గురించి, మంచినీటిని గురించి ప్రసంగములు ముగిసినవి. సభ్యులందరు బస్సు వేళకు లేచి పోవుచుండగా ఒక వార్డు సభ్యురాలు మాత్రము వెనుక నిలిచి, మాతో వచ్చిన వైద్యాధికారిణిని ఇట్లు అడిగినది:

"అమ్మా, మా కోడలికి గుంటూరులో వైద్యం చేయించాం. ఎనిమిదేళ్లకు కడుపు పండింది. ఇద్దరని ఊరంతా చెప్పుకున్నాం. మొన్న స్కానింగులో రెండు కనబడ్డాయిగాని ఒక్కదానికే గుండె కొట్టుకుంటోందన్నారు. పది రోజులాగి రమ్మన్నారు. ఈ పది రోజులూ అడిగినవాళ్లకు ఏమని చెప్పేదమ్మా? ఒకరనా, ఇద్దరనా?"

"పెద్దమ్మా, మీ కోడలు గర్భవతి అని చెప్పండి. అది నిజం. ఎంతమంది అన్నది గుంటూరు డాక్టరుకే ఇంకా తెలియదు. మీరెట్లా చెబుతారు?" అని వైద్యాధికారిణి బదులు చెప్పినది.

ఆ సమాధానముతో సభ్యురాలికి తృప్తి కలుగలేదు. మాకును కలుగలేదు. ఇన్ని యంత్రములు, ఇన్ని పరీక్షలు ఉండగా వైద్యునికి తెలియకపోవుట యేమి? ఈ ప్రశ్నను పట్టుకొని ఆ సాయంకాలము ఒక గంటసేపు వైద్యాధికారిణి వివరించిన సంగతులను, సభ్యురాలి అనుమతితో, పేరును ఊరును విడిచి ఇచ్చట తెలుపుచున్నాము.

సంతానము కొరకు చేయు చికిత్స నేడు పట్టణవాసులకే పరిమితమైనది కాదు. పొదుపు సంఘములో అప్పు తీసికొని, అర ఎకరము తాకట్టు పెట్టి వైద్యమునకు పోవు దంపతులు ప్రతి మండలమునను ఉన్నారు. 1978 జూలై 25వ తేదీన ఇంగ్లండులోని ఓల్డుహామ్ పట్టణమున శరీరము వెలుపల ఫలదీకరణము చెందిన పిండమునుండి మొదటి శిశువు జన్మించినది. అదే సంవత్సరము అక్టోబరు 3వ తేదీన కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖర్జీ కృషి ఫలితముగా మన దేశమున అట్టి శిశువు పుట్టినది. ఆయన బ్రతికియుండగా ఆ ఘనతను ప్రభుత్వము గుర్తింపకపోవుట విచారకరము. ఇటీవలి సంగతి చెప్పవలెనన్న, 2019 సెప్టెంబరులో గుంటూరునందు 70 ఏండ్లు దాటిన ఒక స్త్రీ కవలలను కన్న వార్త పత్రికలన్నింటిలోను వచ్చినది. ఆ తరువాత 2021లో వచ్చిన చట్టము ఈ చికిత్సకు స్త్రీకి 50 ఏండ్లు, పురుషునికి 55 ఏండ్లు గరిష్ఠ వయస్సుగా నిర్ణయించినది. చికిత్సాలయములకు రిజిస్ట్రేషను తప్పనిసరి చేసినది. పత్రికల వార్తలు చదివినవారికి, డబ్బు కట్టినచో కవలలు చేతికి వచ్చుననియే తోచును. వార్తయందు చివరి దినమే ఉండును. మొదటి వారములు ఉండవు.

సహజముగా సుమారు నూరు కాన్పులలో ఒకటి కవలల కాన్పు. అండములు విడుదలయగుటకు క్లోమిఫీన్ మాత్రలు వాడి గర్భము దాల్చినవారిలో నూటికి 5 నుండి 10 మందికి కవలలు కలుగుచుందురు. ఐ.వి.ఎఫ్. పద్ధతిలో రెండు పిండములను గర్భసంచిలో ప్రవేశపెట్టినచో కవలలకు అవకాశము మరింత హెచ్చును. ఒకే పిండమును ప్రవేశపెట్టినను అది రెండుగా చీలి కవలలు అగుట అరుదుగా కలదు. ఇద్దరు ఒకేసారి పుట్టుట లాభమని మన ఇండ్లలో అనుకొందురుగాని, వైద్యులు అట్లు తలపరు. కవలలలో సగముకంటె ఎక్కువమంది 37 వారములు నిండకమునుపే పుట్టుదురు. తల్లికి రక్తపోటు, రక్తహీనత ఎక్కువ.

ఇండ్లలో మొదటి తగవు వారముల లెక్క వద్దనే వచ్చును. గర్భమును చివరి బహిష్టు మొదటి దినమునుండి లెక్కించుట వైద్యుల ఆచారము. చికిత్స పొందినవారికిని ఆ లెక్కనే సరిపుచ్చుదురు. అయిదు దినముల పిండమును ప్రవేశపెట్టిన నాటికే గర్భము వయస్సు 2 వారముల 5 దినములుగా వ్రాయుదురు. రెండు వారములు గడచి రక్తపరీక్షకు పోయిన దినమున కాగితముపై 4 వారముల 5 దినములు అని ఉండును. "పోయి వచ్చి రెండు వారాలే గదా, అయిదో వారమెట్లా అయింది?" అని పొరుగింటివారు గుసగుసలాడిన సందర్భములు కలవని వైద్యాధికారిణి చెప్పినది. ఇది లెక్క పద్ధతియే గాని వేరు కాదని సభ్యులు ధైర్యముగా చెప్పవచ్చును.

ఆ రక్తపరీక్షలో హెచ్.సి.జి. అను పదార్థము కొలుతురు. గర్భము నిలిచినచో ఇది తొలి వారములలో సుమారు రెండు మూడు దినములకు ఒకసారి రెట్టింపగును. కవలలున్నచో సగటున ఎక్కువగా ఉండునుగాని, అంకెను చూచి ఇద్దరని నిర్ణయించుటకు వీలు లేదు. ఒక్క బిడ్డ ఉన్నవారికిని పెద్ద అంకె రావచ్చును. మన సభ్యురాలి ఇంట జరిగిన పొరపాటు ఇదియే: అంకె పెద్దదిగా ఉన్నదని ప్రయోగశాలలో ఎవరో "కవలలే అయి ఉంటారు" అన్నారట. ఆ మాట బస్సు దిగకమునుపే ఊరు చేరినది. మందుల దుకాణములో దొరకు పట్టీతో ఇంటివద్ద పదేపదే చూచుకొనుటవలనను ప్రయోజనము లేదు. చికిత్సలో ఇచ్చిన సూదిమందునందు అదే పదార్థము ఉండుటచే, తొందరపడి చూచినచో లేని గర్భమును ఉన్నట్లు పట్టీ చూపవచ్చును.

తరువాతి మెట్టు స్కానింగు. 5వ వారమున పిండపు తిత్తి కనబడును. 6వ వారము వచ్చునప్పటికి గుండె కదలిక కనబడుట ఆరంభమగును. అప్పటికి పిండము పొడవు కందిగింజ పాటి. రెండు పిండములను ఒకే దినమున ప్రవేశపెట్టినను, గర్భసంచి గోడకు అంటుకొనుటలో స్వల్పముగా ముందువెనుకలు ఉండవచ్చును. కావున 6వ వారమున ఒక గుండె కనబడి రెండవది కనబడనిచో, రెండవది చిన్నదై ఇంకను రానున్నదా, లేక ఆగిపోయినదా అని ఆ దినమున ఎవరును చెప్పజాలరు. యంత్రము మంచిదైనను, వైద్యుడు పెద్దవాడైనను అంతే. వారము పది దినములు ఆగి మరల చూచినచో పెరిగినదో లేదో తెలియును. ఈ నడుమ మరియొక స్కానింగు కేంద్రమునకు, ఆపై ఇంకొక దానికి పరుగెత్తుట డబ్బు దండుగ. మూడు చోట్ల మూడు మాటలు విని తల్లి మరింత భయపడును.

"పది దినములాగి రండి" అను మాట, కావున, వైద్యుని నిర్లక్ష్యము కాదు. అయినను ఆ మాటకు కారణమును రెండు వాక్యములలో చెప్పకుండ పంపివేయుట మాత్రము తప్పే. ఆ ఆసుపత్రిలో అట్లే జరిగినది.

తొలి స్కానింగులో ఇద్దరుగా కనబడినవారిలో సుమారు నూటికి 20 నుండి 30 గర్భములయందు ఒక పిండము మొదటి మూడు మాసములలో ఆగిపోయి, క్రమముగా శరీరములో కలిసిపోవును. దీనిని వైద్యులు "మాయమగు కవల" అందురు. స్కానింగు లేని కాలములోను ఇది జరుగుచునే ఉండెను, ఎవరికిని తెలియకుండెను. ఇంత తొందరగా ఒకటి ఆగిపోయినచో సాధారణముగా తల్లికి శస్త్రచికిత్స అవసరముండదు. రెండవ బిడ్డ ఎక్కువమందిలో చక్కగా పెరుగును. కొందరికి కొద్దిగా రక్తపు మరక కనబడును.

ఎందుకు ఆగిపోవును? తొలి మాసముల గర్భనష్టములలో సగమునకు పైగా పిండమునందలి క్రోమోజోముల లోపమువలన కలుగును. ఆ లోపము పిండము ఏర్పడిన నాడే ఉన్నది. తల్లి బిందె ఎత్తుటవలనను, బస్సులో కుదుపులవలనను, ఏదో తినుటవలనను వచ్చినది కాదు. మంచము దిగకుండ పడుకొనుటవలన గర్భము నిలుచునని శాస్త్రము నిరూపింపలేదు. నెలలకొలది కదలకుండుటవలన కాళ్ళలో రక్తము గడ్డకట్టు అపాయము కలదు. వైద్యుడు ప్రత్యేక కారణముచే విశ్రాంతి చెప్పినచో పాటింపవలెను. లేనిచో ఇంటిలో తేలిక పనులు చేసికొనవచ్చును.

ఈ విషయమును మేము ఇంత వివరముగా వ్రాయుటకు కారణము కలదు. పది దినముల తరువాత సభ్యురాలు వైద్యాధికారిణికి టెలిఫోను చేసినది. రెండవ దాని గుండె రాలేదు. మొదటిది పెరుగుచున్నది. "మిరపకోతల కాలంలో ఒకనాడు చేను గట్టుమీదికి పోయింది. వద్దన్నా వినలేదు. దానివల్లే పోయింది" అని ఆమె వాపోయినది. కోడలు రెండు దినములుగా అన్నము ముట్టలేదట. ఒక బిడ్డ పోయినందుకు ఏడ్చుటయా, ఒక బిడ్డ మిగిలినందుకు సంతోషించుటయా తెలియక ఆమె గోడవైపు తిరిగి పండుకొన్నది. గట్టుమీద నడచుటకును దీనికిని సంబంధము లేదని వైద్యాధికారిణి రెండుమార్లు చెప్పి, మూడవమారు కోడలికే టెలిఫోను ఇప్పించి చెప్పినది. సభ్యురాలు కఠినురాలు కాదు. ఊరంతటికి ఇద్దరని చెప్పిన మాట ఆమెను పట్టుకొన్నది.

నిరీక్షణను తొలగించుట ఎవరి తరము కాదు, దానిని పంచుకొనవచ్చును. ఇంటిలో ఇద్దరు ముగ్గురికి మాత్రమే విషయము తెలియుట, మొదటి మూడు మాసములు గడచువరకు సంఖ్య చెప్పకుండుట, రాబోవు పరీక్ష తేదీవరకు మాత్రమే ఆలోచించుట, అడుగదలచిన ప్రశ్నలు కాగితముపై వ్రాసికొని భర్త కూడ స్కానింగునకు వెంట పోవుట — ఇవన్నియు ఖర్చు లేని పనులు. పైవారు అడిగినచో "డాక్టరు చూస్తున్నారు, మూడో నెల దాటాక చెబుతాం" అన్న చాలును. నిద్ర పట్టక, అన్నము సహింపక దినములు గడచుచున్నచో 14416 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ఆరంభమైన ఈ టెలిమానస్ సేవయందు తెలుగులో మాట్లాడు సలహాదారులు ఉందురు, రుసుము లేదు.

అయితే వేచియుండదగని సందర్భములు కొన్ని గలవు. రక్తపు మరక కనబడుట తొలి మాసములలో నలుగురిలో ఒకరికి సంభవించును. అంతమాత్రమున గర్భము పోయినట్లు కాదు, వైద్యునికి తెలియజేసిన చాలును. కాని గుడ్డలు తడిసిపోవునంత రక్తము, పొత్తికడుపులో ఒక ప్రక్క తీవ్రమైన నొప్పి, భుజమున నొప్పి, కండ్లు తిరిగి పడిపోవుట — వీనిలో ఏది కనబడినను రాత్రియైనను 108 వాహనమును పిలువవలెను. ఒక పిండము గర్భసంచిలో ఉండి, మరియొకటి అండవాహికలో నాటుకొనుట సహజ గర్భములలో అత్యంత అరుదు. ఈ చికిత్స పొందినవారిలో అంత అరుదు కాదు. స్కానింగులో గర్భసంచిలోని బిడ్డ బాగున్నదని చెప్పిన తరువాత కూడ ఈ నొప్పిని అలక్ష్యము చేయరాదు. చికిత్స జరిగిన తొలి వారములలో పొట్ట ఉబ్బి, ఊపిరాడక, మూత్రము తగ్గినచో అదియు ఆసుపత్రికి పోవలసిన లక్షణమే. కవలలున్నవారిలో ఇది హెచ్చు.

మందుల విషయమున ఒక హెచ్చరిక. ఈ గర్భిణులకు ప్రొజెస్టిరాన్ మందు కొన్ని వారములు ఇత్తురు. మరక కనబడినదని భయపడియో, ఒకటి పోయినదిగదా యని నిరాశ చెందియో, డబ్బు చాలకనో దానిని తమంతట తాము మానరాదు. ఎప్పుడు మానవలెనో చికిత్స చేసిన వైద్యుడే చెప్పవలెను.

ఇద్దరును నిలిచినచో 11 నుండి 14 వారముల నడుమ జరుగు స్కానింగు మిక్కిలి ముఖ్యమైనది. ఇద్దరికి మాయ ఒకటియా, వేరువేరా అని తేల్చుటకు అదియే తగిన సమయము. ఆలస్యమైనచో తేల్చుట కష్టము. మాయ ఒకటే అయినచో ఒక బిడ్డనుండి మరియొక బిడ్డకు రక్తము ఎక్కువతక్కువలుగా ప్రవహింపవచ్చును గాన, 16వ వారమునుండి రెండు వారములకు ఒకసారి చూడవలసియుండును. వేరువేరు మాయలైనచో నాలుగు వారములకు ఒకసారి చాలును. ముగ్గురు నిలిచినచో ఒకరిని తగ్గించు విషయమును వైద్యులు ప్రస్తావింపవచ్చును. అది దంపతులు వైద్యునితో నిర్ణయించుకొనవలసినది. రచ్చబండకు రాదగినది కాదు. బిడ్డ ఆడయో మగయో ఏ స్కానింగులోను అడుగరాదు, చెప్పరాదు; 1994 చట్టము ప్రకారము అది నేరము.

పట్టణ ఆసుపత్రిలో చూపించుకొనుచున్నారుగదా యని ఇట్టి గర్భిణులను గ్రామ ఆరోగ్య కార్యకర్త వద్ద నమోదు చేయించకుండుట పల్లెలలో తరచుగా జరుగుచున్న లోపము. గుంటూరు వైద్యుడు అర్ధరాత్రి పల్లెకు రాలేడు. 12 వారములలోపుననే ఎ.ఎన్.ఎం. వద్ద పేరు వ్రాయించి, చికిత్స వలన కలిగిన గర్భమనియు, కవలలనియు స్పష్టముగా తెలిపినచో ఆమెను అపాయకర గర్భిణుల జాబితాలో చేర్చుదురు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు వైద్యులచే ఉచిత పరీక్షలు 2016నుండి జరుగుచున్నవి. పట్టణపు చీటీలన్నియు తల్లీబిడ్డల కార్డుతోపాటు ఒకే సంచిలో ఉండవలెను. వాన కాలములో దారి తెగు ఊళ్ళ సభ్యులు, వాహనము ఎంతవరకు రాగలదో, అచ్చటివరకు ఆమెను ఎట్లు చేర్చవలెనో ముందే చూచుకొనవలెను.

ఈ వ్యాసము అచ్చునకు పంపుటకు ముందు మేము ఆ సభ్యురాలిని కలిసికొంటిమి. కోడలికి అప్పటికి 10వ వారము. ఇంటివారు చేను మాట ఎత్తుట మానినారు. ఎంతమంది అని అడుగువారు ఇంకను ఉన్నారట. "మూడో నెల దాటనివ్వండి అంటున్నా" అని ఆమె చెప్పినది. రాబోవు స్కానింగునకు ఈసారి కొడుకును కూడ పంపుటకు కూలి మనిషిని కుదుర్చుకొన్నది. ప్రశ్నల కాగితమును కోడలే వ్రాసినది. అందులో మొదటి ప్రశ్న, చేను గట్టుమీద నడువవచ్చునా అని.