తాగుడు పుట్టుకలో ఉందా, బతుకులో ఉందా?

'వాళ్లకి ఎంత కూలి ఇచ్చినా తాగేస్తారు.' దళితవాడ గురించి ఊళ్లో వినిపించే మాట ఇది. ఆఫీసుల్లో, కాలేజీ స్టాఫ్ రూముల్లో ఇదే మాట కాస్త మర్యాదగా వినిపిస్తుంది. తాగుడు ఒక కులం లక్షణమని తేల్చేస్తే, ఆ కులం చేత ఏ పని చేయిస్తున్నాం, ఎక్కడ బతకనిస్తున్నాం అన్న ప్రశ్నలు అడగక్కర్లేదు. ఈ మాట ఇంతకాలం చెల్లుబాటు కావడానికి కారణం అదే. మేము దీన్ని తిరగేసి చూడదలుచుకున్నాం.

మ్యాన్‌హోల్‌లోకి దిగే మనిషి దగ్గర మొదలుపెడదాం. దిగే ముందు మందు వేసుకోవడం ఆ పనిలో చాలామందికి అలవాటు. ఎందుకని అడిగితే 'తాగకుండా ఆ కంపులో దిగలేం సారూ' అంటారు. అయితే అక్కడున్నది కంపొక్కటే కాదు. లోపల విషవాయువు ఉందేమోనన్న భయం ఉంది. బయటికొచ్చాక టీకొట్టు దగ్గర దూరంగా నిలబెడతారన్న అవమానం ఉంది. కంపు సబ్బుతో పోతుంది, ఎదుటివాళ్ల అసహ్యం పోదు. కాబట్టి అతని చేతిలో మందు సరదా వస్తువు కాదు, పార, బకెట్టు లాంటి పనిముట్టు. తేడా ఒకటే. పారను పనయ్యాక మూలన పెట్టొచ్చు. దీన్ని పెట్టలేడు. పైగా అది ప్రాణం కాపాడదు. మత్తులో ఉన్నవాడు ప్రమాదాన్ని ఆలస్యంగా గుర్తిస్తాడు.

ఎందుకు పక్కన పెట్టలేడు? భయం, దిగులు, అవమానం రోజూ వెంటాడితే శరీరం ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది. మందు ఆ ఒత్తిడిని కాసేపు దించుతుంది. ఆ ఉపశమనాన్ని మెదడు గుర్తుపెట్టుకుంటుంది. రోజూ తాగుతుంటే మెదడు మందుకు తగ్గట్టు తనను సర్దుకుంటుంది. అప్పుడు మందు లేని పూట వణుకు, నిద్రలేమి, దిగులు మునుపటికన్నా ఎక్కువవుతాయి. మొదట అవమానం మరచిపోడానికి తాగినవాడు తర్వాత వణుకు ఆపుకోడానికి తాగుతాడు. తాగే చోటు, తాగే వేళ, తోడు కూర్చునే మనుషులు కూడా ఆ జ్ఞాపకంలో కలిసిపోతారు. మానినవాడు ఆ చోటికి మళ్లీ వెళ్తే చాలు, కోరిక లేస్తుంది.

పరిసరాల బలం ఎంతో చెప్పే ఉదాహరణ వియత్నాం యుద్ధంలో ఉంది. 1971లో అక్కడి నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించారు. యుద్ధభూమిలో హెరాయిన్ వంటి నల్లమందు సరుకుకు బానిసలయ్యామని దాదాపు 20 శాతం మంది చెప్పారు. ఇంటికొచ్చాక మొదటి ఏడాదిలో వాళ్లలో మళ్లీ బానిసలైంది సుమారు 5 శాతమే. చావుభయం పోయింది, చవకగా దొరికే సరుకు పోయింది, చోటు మారింది. మా వాడల్లో మనిషికి ఆ మార్పేది? డీఅడిక్షన్ సెంటర్‌లో నెల రోజులుండి వచ్చినవాడు మళ్లీ అదే వాడకు, అదే మ్యాన్‌హోల్‌కు రావాల్సిందే. తర్వాత 'వీడు మారడు' అన్న మాట పడాల్సిందే.

వంశపారంపర్యం అసలు లేదని మేము అనడం లేదు. వ్యసనానికి లోనయ్యే అవకాశంలో దాదాపు సగం జన్యువులదని పరిశోధకుల అంచనా. కానీ అది మనిషికీ మనిషికీ మధ్య తేడాని చెప్పే లెక్క. కులానికీ కులానికీ మధ్య తేడాని చెప్పే లెక్క కాదు.

సరుకు అందుబాటు కూడా పరిసరాల్లో భాగమే. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరికీ చేరాయి. మంచినీళ్లు రాని వాడకు కూడా సారా వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. వాళ్లు మగవాళ్లకు నీతులు చెప్పి ఊరుకోలేదు, సరుకునే అడ్డుకున్నారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చి, 1997లో పోయింది.

ఇక్కడ ఆడవాళ్ల నుంచి మాకో ప్రశ్న వస్తుంది. అవే అవమానాలు వాళ్లూ పడుతున్నారు, పైగా తాగొచ్చిన మొగుడి దెబ్బలు తింటున్నారు. అయినా వాళ్లలో ఎక్కువమంది తాగడం లేదు కదా? నిజమే. పరిస్థితి మనిషిని మత్తు వైపు నెడుతుంది, తలరాత రాసెయ్యదు. తాగుడుకి కారణం వెతకడం అంటే పెళ్లాన్ని కొట్టినవాడి తప్పు మాఫీ చెయ్యడం కాదు.

పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చచ్చిపోయాక ఇచ్చే డబ్బు గురించి ఇంత లెక్క ఉంది. బతికుండగా మందు లేకుండా చెయ్యగలిగే పని ఇవ్వడం గురించి లెక్కేది? చికిత్స కావాలి, కాదనం. కానీ చికిత్సతో పాటు పని మారాలి, వాడ మారాలి. అప్పటిదాకా 'వాళ్లు తాగుబోతులు' అనే ముందు, వాళ్లని ఎక్కడికి దింపుతున్నామో ఒకసారి తొంగి చూడమంటున్నాం.