కరెంటు ఒకటే, వేడి ఒకచోటే!

కరెంటు పొయ్యిలోని తీగచుట్ట నిప్పులా ఎర్రబడుతుంది. దానికి కరెంటు తెచ్చే తీగ మాత్రం అంతగా వేడెక్కదు. రెండింటిలో ప్రవహించేది ఒకే కరెంటు కదా! మరి ఈ తేడా ఎందుకో ఆలోచించారా?

లోహంలో కదిలే ఎలక్ట్రానులు పరమాణువులను ఢీకొని తమ శక్తిని వాటికిస్తాయి. పరమాణువుల కంపనం హెచ్చుతుంది. విద్యుచ్ఛక్తి ఉష్ణంగా మారడమంటే ఇదే. పొయ్యిలోని నిక్రోమ్ తీగ నిరోధం, అంతే పొడవూ లావూ గల రాగి తీగ నిరోధానికి సుమారు 60 రెట్లు. కనుక వేడి ఎక్కువగా అక్కడే పుడుతుంది.

1841లో జౌల్ తెలిపిన నియమం ప్రకారం, కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది. కరెంటు మితిమీరితే గోడలోని రాగి తీగ కూడా కాలిపోతుంది. ముందుగా తాను కరిగి దాన్ని కాపాడేది ఫ్యూజు. ఫ్యూజు పోయినచోట లావుపాటి తీగ కట్టనివ్వకండి. అది కరగదు, ఇల్లే అంటుకోవచ్చు!