కడుపులో బిడ్డకు కొలత

నూజివీడు తోటల్లో మామిడి పిందె ఎదుగుదల కంటికి కనిపిస్తుంది. మరి, తల్లి కడుపులోని బిడ్డ ఎదుగుదల ఎలా తెలుస్తుంది?

చిన్న టేపు చాలు! నర్సమ్మ తల్లిని పడుకోబెట్టి, పొత్తికడుపు కింది ఎముక నుంచి గర్భాశయం పై అంచు వరకు కొలుస్తుంది. 24 వారాల తరువాత సెంటీమీటర్లు ఇంచుమించు వారాలతో సరిపోతాయి. 28 వారాలకు సుమారు 28 సెంటీమీటర్లన్నమాట. 2 అటూ ఇటూ ఉండవచ్చు.

బాగా తగ్గితే? వారాల లెక్క తప్పిందా, ఉమ్మనీరు తగ్గిందా, బిడ్డే ఎదగడం లేదా అని స్కానింగుతో చూస్తారు. చెవికి వినిపించని ధ్వని తరంగాలు బిడ్డను తాకి తిరిగివచ్చి, తెరపై బొమ్మ కడతాయి.

ఒక్క కొలత చాలదు. వెనుకటి కొలతతో పోల్చాలి. మామిడి కోతల హడావిడిలో పరీక్ష మానేస్తే, ఎదుగుదల ఆగినా తెలియకపోవచ్చు. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ సంగతి చెబుతారు కదూ!