మనస్సులోని పటము

జనగామలో పుట్టి పెరిగిన బాలుని "రైలుస్టేషనునకు త్రోవ యేది?" అని యడిగినచో, అతడు పుస్తకములోని పటమును వెదకడు, వెంటనే చేయి చాచి దిక్కును చూపును. ఊరి పటము అతని మనస్సులోనే యున్నది. దానిని ఎవరును గీయలేదు. అది యెట్లేర్పడినది?

క్రొత్త ఊరిలో అడుగిడినవారు మొదట గుర్తులను పట్టుకొందురు. మహబూబాబాదునకు క్రొత్తగా వచ్చినవానికి రైలుస్టేషను ఒక గుర్తు. మలుపులోని చెట్టు ఒక గుర్తు. గుడి మఱియొక గుర్తు. పిదప ఈ గుర్తులను కలుపు త్రోవలు అలవడును. కొన్నాళ్లకు త్రోవలన్నియు ఒకదానితో నొకటి అల్లుకొని ఒక చిత్రమగును. అప్పుడతడు తానెన్నడును నడువని అడ్డదారిని సైతము ఊహింపగలడు.

జంతువులకును ఈ శక్తి కలదు. అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టోల్మన్ ఎలుకలకు ఆహారమున్న చోటికి ఒక వంకర త్రోవను అలవాటు చేసి, పిమ్మట దానిని మూసివేసెను. పెక్కు ఎలుకలు ఆహారమున్న దిక్కునకు పోవు క్రొత్త త్రోవను ఎన్నుకొన్నవి. అవి మలుపులను మాత్రమే వల్లించుకొనలేదనియు, స్థలముల పటమును మనస్సున నిలుపుకొన్నవనియు ఆయన 1948లో వివరించెను. 1971లో జాన్ ఓకీఫ్, ఎలుక ఒక్కొక్క చోటికి చేరినప్పుడు దాని మెదడులోని హిప్పోకాంపస్ అను భాగమున వేర్వేరు కణములు మేల్కొనుచున్నవని కనుగొనెను. 2005లో నార్వే శాస్త్రజ్ఞులు మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్, ఆ భాగము ప్రక్కనే, కాగితముపై గీసిన గళ్లవలె స్థలమును కొలుచు కణములను కనుగొనిరి. ఈ మువ్వురికిని 2014లో నోబెల్ బహుమతి లభించెను.

ఈ పటము ప్రాణమును నిలుపు చోటులును కలవు. భూపాలపల్లిలో సింగరేణి సంస్థవారి భూగర్భగనులున్నవి. అచట సూర్యుడు లేడు, చెట్టు లేదు, ఆకాశము లేదు. పైకప్పు కూలకుండుటకై విడిచిన బొగ్గు స్తంభముల నడుమ బాటలు ఒకదానినొకటి ఖండించుచుండును. ప్రతి కూడలియు ఒక్క తీరుననే కనబడును. అయినను కార్మికులు నేల వాలును, గాలి వీచు దిక్కును, పట్టాలను గుర్తులుగా గొని త్రోవ నెఱుగుదురు. ఆపదవేళ అలవాటైన బాట మూసికొనిపోవచ్చును. అందుచేతనే గనికి రెండు ద్వారములుండవలెనని చట్టము విధించినది. మలుపులను మాత్రమే వల్లించినవాడు అప్పుడు దిక్కుతోచక నిలిచిపోవును. గని యంతయు మనస్సున నున్నవాడు రెండవ ద్వారమును చేరుకొనును, తోడివారిని చేర్చును.

నేడు చేతిలోని ఫోను "కుడికి తిరుగుము, ఎడమకు తిరుగుము" అని చెప్పగా నడుచువారు పెక్కురు. వారు గమ్యమును చేరుదురు గాని, త్రోవను చూడరు. చూడని త్రోవ మనస్సున నిలువదు. కన్నులు తెఱచి నడిచినవానికే ఆ పటము దక్కును.