పెరటికోళ్లకు వచ్చు రక్తపారుడు వ్యాధి – చికిత్స, నివారణ

పెరటికోడి గ్రామీణ కుటుంబమునకు చేతిలోని రొక్కము వంటిది. ఇంటికి చుట్టము వచ్చినను, పిల్లవాని పుస్తకములకు సొమ్ము కావలసివచ్చినను ఇల్లాలు ముందుగా చూచునది కోళ్లగంప వైపే. అట్టి సంపద వానకాలమున ఒక్క వారములో సగము రాలిపోవుట కలదు. కోళ్లు చచ్చినప్పుడెల్ల కొక్కెర తెగులు తగిలినదని సరిపెట్టుకొనుట మనకు అలవాటు. కాని కోడిపిల్లల మరణములకు రక్తపారుడు, అనగా కాక్సిడియోసిస్, కూడ ఒక ముఖ్యకారణము. కొక్కెర తెగులు సోకిన పిదప దానిని మాన్పు మందు లేదు. ముందుగా టీకా వేయించుటయే మార్గము. రక్తపారుడుకు మందు కలదు. కావున ఈ రెంటి భేదమును గుర్తించుట అవసరము.

రక్తపారుడు ముఖ్యముగా మూడు మొదలు ఎనిమిది వారముల వయస్సుగల పిల్లలకు వచ్చును. పిల్లలు రెక్కలు వ్రేలవైచి, ఈకలు నిక్కించుకొని, ఒకచోట ముడుచుకొని కూర్చుండును. మేత మానును. తురాయి పాలిపోవును. రెట్టలో నెత్తురు కనిపించును. కొక్కెర తెగులులోనైతే ఆకుపచ్చని పారుడు, రొప్పు, మెడ వంకర తిరుగుట కానవచ్చును. సందేహమున్నచో అప్పుడే చచ్చిన పిల్లను పశువైద్యశాలకు కొనిపోయి కోసి చూపించవలెను.

ఈ వ్యాధికి కారణము ఐమీరియా అను సూక్ష్మజీవి. ఇది ప్రేగుల గోడలలో చేరి పెరుగును. దీని బీజములు రెట్టతో నేలబడును. పడినవెంటనే అవి హాని చేయజాలవు. తేమ, వెచ్చదనము, గాలి దొరకినచో ఒకటి రెండు దినములలో పక్వమై, మేతతోను నీటితోను మరల పిల్లల కడుపులోనికి పోవును. ఏ దినపు రెట్టను ఆ దినమే ఎత్తివేసినచో వ్యాధి వ్యాపింపకుండుటకు కారణమిదియే. కోళ్లకు వచ్చు ఈ రోగము మనుష్యులకు గాని పశువులకు గాని అంటదు.

నంద్యాల జిల్లాలోని పాములపాడు మండలమున ఈ విషయము మరింత గమనింపదగినది. పోతిరెడ్డిపాడునుండి వచ్చు కృష్ణాజలములు ఈ మండలములోని బనకచర్లవద్ద చీలి వేర్వేరు కాలువలకు పోవుచున్నవి. నల్లరేగడి నేల తడిని చాలకాలము పట్టియుంచును. పైరునకు మేలుచేయు ఆ తేమయే పెరటిలో నిలిచినచో కోడిపిల్లకు కీడగును.

చికిత్సకు ఆంప్రోలియం అను మందును వాడుదురు. జబ్బుపడిన పిల్ల మేత మానినను నీరు త్రాగును గనుక మందును నీటిలోనే కలుపవలెను. నూటికి 20 పాళ్ల బలముగల పొడియైనచో అయిదు లీటర్ల నీటికి 6 గ్రాముల చొప్పున కలిపి అయిదు దినములు, పిదప ఒకటి రెండు వారములు 1.5 గ్రాముల చొప్పున ఇయ్యవలెను. పొడి బలమును బట్టి పాళ్లు మారును. కావున పశువైద్యుని అడిగియే వాడవలెను. ప్రతి ఉదయము క్రొత్తగా కలుపవలెను. వేరొక నీరు అందుబాటులో ఉండరాదు. జబ్బు కనబడని పిల్లలకు కూడ మందు పట్టవలెను. ఏలయన వానిలోను బీజములు ఉండవచ్చును. ఈ దినములలో బి1 విటమిను కలిపినచో మందు పనిచేయదు. సల్ఫా మందులు మోతాదు మించినచో హాని చేయును గనుక స్వయముగా వాడరాదు. మందు తిన్న కోళ్ల గ్రుడ్లు, మాంసము ఎన్ని దినములు వాడరాదో వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

మందు ఇచ్చియు నేలను తడిగా విడిచినచో శ్రమ వ్యర్థము. గంపక్రింద పొడి ఊకను పరచి, తడిసినదానిని తీసివేయవలెను. నీటిపాత్రను ఇటుకపై ఉంచినచో రెట్ట పడదు. చిన్నపిల్లలను పెద్దకోళ్లతో కలుపరాదు. తీసిన రెట్టను ఎరువుగుంటలో వేసి కప్పవలెను. వనరాజ, గ్రామప్రియ వంటి జాతుల పిల్లలను ఎక్కువ సంఖ్యలో తెచ్చి ఒకచోట పెంచువారు ఇరుకు లేకుండ చూచుకొనవలెను.

ఇది ఇల్లాండ్రపనియే అని పంచాయతీ సభ్యులు తలపరాదు. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 73వ సవరణ పంచాయతీలకు అప్పగింపదగినవిగా పేర్కొన్న విషయములలో పశుపోషణ, పాడి, కోళ్లపెంపకము నాలుగవది. కొళాయిలవద్ద నీరు నిలువకుండ ఇంకుడుగుంతలు త్రవ్వించుట, పెంటదిబ్బలను ఇండ్లకు దూరముగా వేయించుట, వానలకు ముందే గ్రామసభకు పశువైద్యుని పిలిపించుట మన చేతిలోని పనులు. పది పిల్లలున్న ఇంటికి మందుపొట్లమంతయు అవసరముండదు. మహిళాసంఘము ఒక పొట్లమును కొని, ఒక చిన్న త్రాసును ఉంచినచో వీధివారందరికిని సరిపోవును. మొదటి పిల్ల ముడుచుకొని కూర్చున్న దినముననే మందు అందునట్లు చేయగలిగినచో మిగిలిన పిల్లలు బ్రతుకును. ఈ ఏర్పాటును రాబోవు వానకాలమునకు ముందే చేయుదము.