కాకర్ కుక్కపిల్ల బేరం: మచ్చు చూసి కాదు, తల్లిని చూసి కొనాలి

అనంతపురం: వేరుశనగకు మార్కెట్ యార్డు ఉంది, కాటా ఉంది, తేమ చూసే మీటరు ఉంది. హిందూపురంలో చింతపండుకు, ఎండుమిర్చికి వేలం ఉంది. కుక్కపిల్లకు ఇవేవీ లేవు. అమ్మేవాడు చెప్పిందే ధర, చూపిందే నాణ్యం. ఈ జిల్లాలో పిల్లల కోరిక మీద కాకర్ స్పానియల్ వంటి జాతి కుక్కపిల్లను తెచ్చుకోదలచిన వర్తకులకు దగ్గరలో ఉన్న పెద్ద ఊరు బెంగుళూరు. 44వ నెంబరు జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్లకు పైబడిన దూరం. అంత దూరం వెళ్లడం ఎందుకని ఫోనులో ఫోటో చూసి, బయానా పంపి, బస్సులో వచ్చే బుట్ట కోసం స్టాండులో ఎదురుచూసే బేరాలలో నష్టం దాదాపు ఎప్పుడూ కొన్నవాడిదే.

సరుకు కళ్లతో చూడనిదే ఒక్క బస్తా కూడా కాటా ఎక్కించని వర్తకుడు ఈ ఒక్క బేరంలో జాగ్రత్త మరచిపోతున్నాడు. వేరుశనగలో వచ్చిన నష్టం ఒక సీజనుతో తీరవచ్చు. కాకర్ కుక్క ఆయుర్దాయం సుమారు 12 నుంచి 14 సంవత్సరాలు. ఈ బేరంలోని తప్పు అన్నాళ్లూ ఇంట్లోనే ఉంటుంది, లేదా వారం రోజులలో ప్రాణం పోయి పిల్లలను ఏడిపిస్తుంది.

మచ్చు ఎందుకు చాలదు

గింజ పైకి నిగనిగలాడుతూ ఉండి లోపల అఫ్లాటాక్సిన్ ఉండవచ్చునని వేరుశనగ వర్తకులకు చెప్పనక్కరలేదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయిన తరువాతనే, వాటి మేతలో వాడిన బ్రెజిల్ వేరుశనగ పిండిలో ఈ విషం ఉన్నదని తేలింది. కంటికి కనిపించనిది పరీక్షలో తేలాలి.

కుక్కపిల్లలోనూ అంతే. 1978 నుంచి ప్రపంచమంతా వ్యాపించిన పార్వో వైరస్ సోకిన పిల్ల మొదటి కొన్ని రోజులు హుషారుగానే ఉంటుంది. ఆ తరువాత వాంతులు, రక్త విరేచనాలు మొదలవుతాయి. ఆదివారం తోక ఊపుతూ వచ్చిన పిల్ల తరువాతి ఆదివారానికి ఉండకపోవచ్చు. ఆ వైరస్ నేలలో, బుట్టలో నెలల తరబడి బతికి ఉంటుంది గనుక, పోయిన పిల్ల స్థానంలో వెంటనే మరొకటి తేవడం కూడా ప్రమాదమే.

కాకర్ జాతికి వంశపారంపర్యంగా వచ్చే జబ్బులు రెండు ముఖ్యమైనవి. ఒకటి, కంటిలోని రెటీనా క్రమంగా క్షీణించి చూపు పోవడం. ఇది కుక్క పెద్దదయ్యాక గాని బయటపడదు. రెండవది, మూత్రపిండాలు చెడిపోయే జబ్బు. ఇది సాధారణంగా 6 నెలల నుంచి 2 సంవత్సరాల వయసు లోపల ప్రాణం తీస్తుంది. రెండింటికీ జన్యు పరీక్షలు ఉన్నాయి. తల్లిదండ్రులిద్దరూ దోషం మోసేవారైతేనే పిల్లకు జబ్బు వచ్చే వీలుంది. ఒకరైనా పరీక్షలో దోషం లేదని తేలితే ఆ భయం తీరుతుంది. బాధ్యత గల పెంపకందారు ఈ పరీక్ష కాగితాలు అడగకముందే చూపుతాడు. ‘మా కుక్కలకు ఏ జబ్బూ లేదు’ అన్న నోటిమాట కాగితం కాదు.

తల్లి ఎక్కడ?

ఈ బేరంలో అసలు మచ్చు పిల్ల కాదు, తల్లి. తల్లి బక్కచిక్కి, బెదిరి, మనిషిని చూడగానే మూలకు నక్కితే, ధర ఎంత తగ్గినా ఆ బేరం వద్దు. ‘తల్లి వేరే ఊళ్లో ఉంది’, ‘మా తోటలో ఉంది’ అనే జవాబు వచ్చినచోట అమ్మేవాడు పెంపకందారు కాదు, చేతులు మార్చేవాడు.

దళారీ వృత్తిని తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. ధాన్యం బేరంలో దళారీ ఇద్దరికీ తెలిసినవాడు, మాటకు హామీ ఉండేవాడు. కుక్కపిల్లల బేరంలో మధ్యవర్తి చేసే పని తరచు దీనికి తలకిందులు: సరుకు ఎక్కడిదో తెలియకుండా చేయడమే. ఇంగ్లండులో 2020 ఏప్రిల్ నుంచి, 6 నెలల లోపు కుక్కపిల్లలను మధ్యవర్తులు అమ్మడాన్ని చట్టం నిషేధించింది. కొనేవాడు పుట్టిన చోటికే వెళ్లి తల్లితో కలిపి పిల్లను చూడాలి. వేల్స్‌లో ఈతల మీద ఈతలు వేయించే చోటు నుంచి 2013లో బయటపడిన లూసీ అనే స్పానియల్ తల్లి పేరు మీదనే అక్కడివారు దానిని లూసీ చట్టం అంటున్నారు.

మన నిబంధనలు

మన దేశంలోనూ కేంద్ర ప్రభుత్వం 2017 మే నెలలో కుక్కల పెంపకం, అమ్మకాలపై నిబంధనలు ప్రకటించింది. వాటి ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మరాదు. అమ్మేముందు టీకాలు, మైక్రోచిప్ వేయించాలి. తల్లికి 18 నెలలు నిండాలి. 12 నెలలలో ఒక ఈతకు, జీవితకాలంలో 5 ఈతలకు మించరాదు. ‘ముప్పై రోజుల పిల్ల, త్వరగా తీసుకోండి, గిరాకీ ఎక్కువగా ఉంది’ అనేవాడు ఆ ఒక్క మాటతోనే నిబంధన మీరినట్లు ఒప్పుకుంటున్నాడు.

‘దిగుమతి సరుకు’ అన్న మాటను కూడా నమ్మరాదు. వ్యాపార నిమిత్తం ఈతల కోసం విదేశీ కుక్కల దిగుమతిని ప్రభుత్వం 2016లోనే నిషేధించింది.

ఇక కాగితాల సంగతి. 1896లో ఏర్పడి, ప్రస్తుతం చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే సర్టిఫికెట్టు పిల్ల వంశాన్ని చెబుతుంది. ఆరోగ్యాన్ని చెప్పదు. పట్టీ మీద రకం పేరు రాసినంత మాత్రాన గింజలో తేమ తగ్గదు గదా. సర్టిఫికెట్టులోని మైక్రోచిప్ నెంబరు, పిల్ల మెడ దగ్గర రీడరు పెట్టి చూస్తే వచ్చే నెంబరు ఒకటేనా అని సరిచూసుకోవాలి.

ఈ నేలకు తగునా?

కాకర్ పుట్టింది ఇంగ్లండు తడినేలల్లో, పొదల్లోని పక్షులను లేపే వేటపనికి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ మెట్ట జిల్లాలో, మే నెల ఎండలో దానికి చల్లని గచ్చు, నీడ, ఎప్పుడూ నీళ్లు ఉండి తీరాలి. నడక తెల్లవారుజామున, పొద్దు గూకిన తరువాత మాత్రమే. నేల రాసే చెవుల్లో పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు చిక్కుకుంటాయి, పిడుదులు చేరతాయి. చెవిపోటు ఈ జాతికి మామూలు జబ్బు గనుక, కొనేటప్పుడే పిల్ల చెవి ఎత్తి వాసన చూడాలి. అమెరికన్ కాకర్‌కు బొచ్చు మరీ దట్టం. మన ఎండలకు ఇంగ్లీషు రకమే కొంత నయం. తెచ్చుకోవడానికి కార్తీకం నుంచి మాఘం దాకా అనువైన కాలం. ఎండాకాలంలో బస్సు డిక్కీలో పిల్లను పంపుతాననేవాడి దగ్గర కొననేకూడదు.

గోదాము కాపలాకు కుక్క కావలసినవారు కాకర్ జోలికి పోనక్కరలేదు. అది వచ్చినవాడి చేయి నాకే రకం. పైగా నోటికందినది మింగే వేటకుక్క. పురుగు పట్టకుండా బస్తాల మధ్య పెట్టే సల్ఫాస్ బిళ్లలు, ఎలుకల మందు ఉన్నచోటికి దానిని రానీయరాదు. బూజు పట్టిన చెక్క, తాలుగింజ పెట్టరాదు. అఫ్లాటాక్సిన్ కుక్క కాలేయాన్ని తొందరగా దెబ్బతీస్తుంది.

బయానాకు ముందు

బేరం కుదిరేముందు కాగితం మీద రాయించుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, మైక్రోచిప్ నెంబరు, వేసిన టీకాల పేర్లు, తేదీలు. పిల్లను తెచ్చిన రెండు రోజులలో పశువైద్యుడు చూసి లోపం ఉందంటే పైకం తిరిగి ఇస్తాననే మాట. ఎప్పుడు సాకలేకపోయినా పిల్లను తానే తిరిగి తీసుకుంటాననే మాట. ఈ చివరి షరతుకు ఒప్పుకున్నవాడు మంచి పెంపకందారు అనుకోవచ్చు. అతడు తిరిగి మిమ్మల్ని ప్రశ్నలడుగుతాడు: ఇంట్లో ఎవరుంటారు, పగలు ఎవరు చూస్తారు, ఎండకు ఏం చేస్తారు అని. దానికి నొచ్చుకోరాదు. ఎరువు ఇచ్చేవాడు ఆసామిని విచారించడం మార్కెట్లో ఉన్నదే.

అటువంటివాడి దగ్గర పిల్లలు ఎప్పుడూ సిద్ధంగా ఉండవు. కొన్ని నెలలు ఆగవలసి రావచ్చు. ధర కూడా కొంత ఎక్కువే పలుకుతుంది. పరీక్షలకు, టీకాలకు, తల్లి మేతకు అయిన ఖర్చు అందులో ఉంటుంది. చౌకగా దొరికిన పిల్లలో మిగిలినట్లు కనిపించే పైకం తరువాత పశువైద్యుడికి చేరుతుంది. చీకటి గదిలో ఈత వెంట ఈత వేసే తల్లికి మరో ఈత రాసిపెట్టేది కూడా ఆ చౌకబేరమే. కొనేవారు ఒక్కొక్కరే తల్లిని చూపించమని అడగడం మొదలుపెడితే, చూపించలేనివారి సరుకుకు మందీ తప్పదు.