పునరావాస సలహాదారు ఎవరి పక్షము?

టొరంటోకు తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరమున, ఒంటారియో సరోవర తీరమున వెలసిన ఒషావా పట్టణము శతాబ్దమునకు పైగా కార్ల కర్మాగారమును ఆశ్రయించి బ్రదికినది. గుఱ్ఱపు బగ్గీలు చేయుచుండిన మెక్‌లాఫ్లిన్ కుటుంబము 1907లో మోటారు కార్ల నిర్మాణమునకు పూనుకొనగా, 1918లో ఆ వ్యాపారము జనరల్ మోటార్స్ పరమయ్యెను. ఒకే కదలికను దినమెల్ల మరల మరల చేయు కార్మికునికి భుజమో, నడుమో, మణికట్టో ఒకనాడు మొరాయించుట ఇట్టి ఊళ్లలో అరుదు కాదు. శస్త్రవైద్యుడు తెగిన స్నాయువును అతుకును; ఫిజియోథెరపిస్టు బిగిసిన కీలును కదలించును; అటుపిమ్మట, పాత పనికి చాలని ఆ చేతితో, సంసారభారమేమియు తగ్గని ఆ మనిషి రేపటినుండి ఏమి చేయవలెనను ప్రశ్నను చేపట్టువారే పునరావాస సలహాదారులు.

వైద్య నివేదికను చదివి, కార్మికుని చదువును, అనుభవమును, భాషాజ్ఞానమును, అన్నిటికంటె మిన్నగా అతని భయమును తెలిసికొని, యజమానితో మాటాడి పనిని అతని శక్తికి తగినట్లు మార్పించుటయో, అది సాధ్యము కానిచో కొత్త విద్య నేర్పించుటయో వీరి కర్తవ్యము. వైద్యము, మనస్తత్త్వము, చట్టము, ఉద్యోగ విపణి, ఈ నాలుగును ఒక్క మనిషి బ్రదుకులో కలిసికొను చోట వీరు నిలుచుచున్నారు. అట్లు నిలుచుటయే వీరి బలము. తమదని చెప్పుకొన గట్టి హద్దు లేకపోవుటకు కారణమును అదియే.

1914లో ఒంటారియో ప్రభుత్వము, న్యాయమూర్తి విలియం మెరెడిత్ సిఫారసులననుసరించి, ఒక చట్టము చేసెను: కార్మికుడు యజమానిపై దావా వేయు హక్కును వదులుకొనును, ప్రతిఫలముగా, తప్పు ఎవరిదను విచారణ లేకయే పరిహారము పొందును. ఆ పరిహారమును నిర్వహించు సంస్థయే నేటి కార్యస్థల భద్రతా బీమా మండలి. 1998 నుండి ఈ మండలి కార్మికులకు కొత్త ఉపాధి కల్పించు సేవలను ప్రైవేటు సంస్థలకు అప్పగించి, 2010 తరువాత మరల తన చేతిలోనికే తీసికొన్నది. ఇక్కడనే అసలు చిక్కు. సలహాదారునకు జీతమిచ్చునది బీమా సంస్థ. సలహా కోరునది గాయపడినవాడు. లేని ఉద్యోగమును ఉన్నట్లు భావించి, అందు రాగల వేతనమును లెక్కగట్టి పరిహారమును తగ్గించుచున్నారని గాయపడిన కార్మికుల సంఘములు ఏండ్ల తరబడి మొరపెట్టుచున్నవి. 1983 జూన్ 1న వేలాదిగా వారు శాసనసభ కడకు తరలివచ్చిరి. నాటినుండి ఆ దినమును ఏటేట పాటించుచున్నారు. ఆ లెక్కకు ఆధారమగు నివేదికపై సంతకము చేయు వృత్తినిపుణునకు తన ధర్మమేమో నిశ్చయముగా తెలిసియుండవలదా?

ఒంటారియోలో నర్సునకు, ఫిజియోథెరపిస్టునకు, 2015 నుండి సైకోథెరపిస్టునకును చట్టరక్షణ గల బిరుదులున్నవి. పునరావాస సలహాదారునకు మాత్రము వృత్తిసంఘమిచ్చు యోగ్యతాపత్రమే దిక్కు. మనదేశమున 1992 నాటి భారత పునరావాస మండలి చట్టము ఈ వృత్తిని నమోదు చేయవలసిన వృత్తులలో చేర్చినదను సంగతి మనవారిలో పలువురెరుగరు. ఈ ఒక్క విషయమున భారతము ముందున్నదని చెప్పుటకు నేను సంకోచింపను.

అవసరము నానాటికి పెరుగుచున్నది. ఒషావా కర్మాగారము 2019 డిసెంబరులో వాహన నిర్మాణమును ఆపి, 2021 నవంబరులో మరల ప్రారంభించెను. అట్టి విరామమున గాయపడినవాని కష్టము రెండింతలగును. ఏలనన, పాత కర్మాగారమున అతనికై చేసిన తేలికపాటి ఏర్పాటు కొత్త యజమాని కడ చెల్లదు. ఇక 2018 జనవరి నుండి పనివలన కలుగు దీర్ఘకాలిక మానసిక ఒత్తిడి కూడ పరిహారార్హమైనది. కంటికి కనబడని గాయమును కొలుచుటకు ఏ యంత్రమును చాలదు. దానికి ఎదుట కూర్చుండి వినగల మనిషియే కావలెను. కావున ఈ వృత్తికి చట్టబద్ధమైన బిరుదును, గాయపడినవాని హితమునే ప్రథమముగా నిలుపు నియమావళిని శాసనసభ కల్పింపవలెను.

ఒషావా పరిసరముల గిడ్డంగులలో, కర్మాగారములలో పనిచేయు తెలుగువారికి ఒక్క మాట: పనిలో దెబ్బ తగిలినచో సిగ్గుపడి దాచకుడు. ప్రమాదము జరిగిన 6 నెలలలోపల మండలికి దరఖాస్తు చేయవలెను. యూనియన్ లేనివారికి రాష్ట్ర ప్రభుత్వపు కార్మిక సలహా కార్యాలయము ఉచితముగా సహాయము చేయును.